వ్యాపారంలో నిర్ణయాలు చకచకా తీసుకోవడం నేర్చుకుంటే వచ్చేదేనా?

మీ ప్రశ్నను కుదించి చెప్పుకుంటే ఇదీ సంగతి. మీరూ మీ తమ్ముడూ కలిసి చిన్న తయారీ యూనిట్ నడుపుతున్నారు. ఏ విషయమైనా తేల్చడానికి వారాలు పడుతోంది. కొటేషన్ పంపడం ఆలస్యమై ఈమధ్యే ఒక మంచి ఆర్డర్ చేజారింది. పాత మిషన్ మార్చాలా వద్దా అన్నది నెలల తరబడి నలుగుతోంది. నాన్నగారేమో నిదానమే ప్రధానం అంటున్నారు. త్వరగా, ధైర్యంగా నిర్ణయం తీసుకోవడం పుట్టుకతో రావాలా, నేర్చుకోవచ్చా, అసలు అది అంత అవసరమా అని అడిగారు.

సూటిగా చెబుతాను. అవసరమే, నేర్చుకోవచ్చు కూడా. కాకపోతే అది గుండె ధైర్యం పెంచుకుంటే వచ్చేది కాదు. నేను చూసిన యజమానుల్లో త్వరగా తేల్చేవాళ్లు చాలామంది మామూలు మనుషులే, కొందరైతే బాగా భయస్తులు. వాళ్లు చేసేదల్లా సగం పని ముందే చేసి పెట్టుకోవడం. తమ లెక్కలు తమకు తెలుసు, ఏది వెనక్కి తీసుకోగలరో ఏది తీసుకోలేరో తెలుసు, ఏ విషయం ఎవరు తేల్చాలో ముందే రాసుకున్నారు. అందుకే ప్రశ్న ఎదురైనప్పుడు సమాధానం త్వరగా వస్తుంది. బయటనుంచి చూసేవాళ్లకి అది ధైర్యంలా కనిపిస్తుంది.

వెనక్కి తీసుకోగలిగిన వాటిని అదే రోజు తేల్చేయండి. వెనక్కి తీసుకోలేని కొద్దింటికి మాత్రమే మీ నాన్నగారి మాట వర్తిస్తుంది. మీ ప్రశ్నకు నా సమాధానం ఇంతే. మిగతాదంతా ఎందుకు, ఎలా అన్నది. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

నేను చాలాకాలం అట్టపెట్టెల తయారీ యూనిట్ నడిపాను. ఇప్పుడు చిన్న యూనిట్ల లెక్కలు చూసి సలహా ఇచ్చే పనిలో ఉన్నాను. ఆ పనిలో తరచూ కనిపించే ఒక విచిత్రం ఉంది. ఆఫీసులో కుర్చీలు మార్చడానికి నెల తీసుకునే మనిషి, ఎవరో బంధువు అప్పుకు హామీ సంతకం మాత్రం ఒక్క సాయంత్రంలో పెట్టేస్తాడు. అంటే ఆయన నిదానస్తుడూ కాదు, దూకుడు మనిషీ కాదు. ఏది ఎంతసేపు ఆలోచించాలో విడదీసుకోలేదు, అంతే. మీరూ ఒకసారి పోయిన ఏడాది తీసుకున్న నిర్ణయాలు రాసుకుని, ఒక్కోదానికి ఎంత సమయం పట్టిందో పక్కన వేసి చూడండి. సమయానికీ ప్రాముఖ్యానికీ పొంతన లేదని తెలిసిపోతుంది.

ముందు ఆలస్యం ఖరీదు గురించి. తప్పుడు నిర్ణయం వల్ల వచ్చిన నష్టం ఖాతా పుస్తకంలో కనబడుతుంది. నిర్ణయం తీసుకోకపోవడం వల్ల వచ్చిన నష్టానికి ఏ పద్దూ ఉండదు. అది వేస్టేజ్‌లో, ఓవర్‌టైమ్‌లో, మానేసిన మనిషి స్థానంలో కొత్తవాడికి పని నేర్పించే ఖర్చులో కలిసిపోతుంది. అందుకే ఆగడం సురక్షితం అనిపిస్తుంది.

నా దగ్గరకు వచ్చిన ఒక ప్రింటింగ్ యూనిట్ సంగతి చెబుతాను. మీ మిషన్ గొడవకు దగ్గరగా ఉంటుంది. వాళ్లది పాత నాలుగు రంగుల ఆఫ్‌సెట్ మిషన్. రోలర్లు అరిగి, ఇంకుకీ నీటికీ బ్యాలెన్స్ కుదిరేది కాదు. ప్రతి జాబ్ మొదట్లో బోలెడు షీట్లు పారేస్తే గానీ రంగు దారికి వచ్చేది కాదు. మార్చాలని యజమానికి ఎప్పుడో తెలుసు. బల్లమీద ఒక నీలం ఫైలు ఉండేది, నిండా కొటేషన్లు. ఒక్కోటి 30 రోజులు చెల్లుతుంది. గడువు దాటాక ఫోన్ చేస్తే కొత్త ధర చెప్పేవాళ్లు. ఈయన మళ్లీ ఇంకో కంపెనీని అడిగేవాడు. కింద కొట్టేసిన ధరలు, పైన కొత్త ధరలు, మార్జిన్‌లో పెన్సిల్‌తో ‘మాట్లాడాలి’ అని రాసి ఉండేది.

ఫైలు మొత్తం తిరగేస్తే తేలిందేమిటంటే, చివరికి మిగిలిన రెండు మిషన్లకూ తేడా ధరలో 3 శాతం. ఇక పారేస్తున్న కాగితం, అదనపు గంటలు కలిపి లెక్కేస్తే, కొత్త మిషన్ నెలకు తన ధరలో దాదాపు 2 శాతం మిగులుస్తుంది. అంటే ఆ 3 శాతం ఎవరి దగ్గర కలిసొస్తుందో తేల్చడానికి 2 నెలలు ఆగితే 4 శాతం పోయినట్టే. ఈయన ఆగింది అంతకంటే చాలా ఎక్కువ. ఈలోగా సీనియర్ ఆపరేటర్ మానేసి వేరే ప్రెస్‌కు వెళ్లిపోయాడు. జీతం కోసం కాదట. రోజూ పాడైన షీట్లకు తనే సంజాయిషీ చెప్పుకోవాల్సి రావడం భరించలేకపోయాడు. ఆ నష్టాన్ని నేను లెక్కలో వేయలేకపోయాను, ఆయనా వేయలేకపోయాడు.

ఈ చిన్న లెక్క మీరూ వేసుకోండి. ఒక్కో నెల ఆగితే ఎంత పోతుంది? ఇంకా ఆలోచిస్తే గరిష్ఠంగా ఎంత కలిసొస్తుంది? మొదటి అంకె పెద్దదైతే ఆలోచన ఆపేయాలి. ఇంత సులువైన లెక్కను ఎందుకు వేయరో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఇక వెనక్కి తీసుకోగలిగినవి, తీసుకోలేనివి. ఈ తేడాను జనంలోకి బాగా తీసుకెళ్లింది అమెజాన్ వ్యవస్థాపకుడు జెఫ్ బెజోస్. 2015 సంవత్సరానికి వాటాదారులకు రాసిన లేఖలో, కొన్ని నిర్ణయాలు ఒకవైపే తెరుచుకునే తలుపులు, చాలావరకు రెండువైపులా తెరుచుకునేవి అన్నాడు. రెండో రకం తలుపు దాటి చూసి, నచ్చకపోతే వెనక్కి వచ్చేయవచ్చు. ఆ మరుసటి ఏడాది లేఖలో, కావాలనుకున్న సమాచారంలో 70 శాతం దాకా చేతికి వస్తే చాలా నిర్ణయాలు తీసేసుకోవచ్చని, 90 శాతం కోసం ఆగితే చాలా సందర్భాల్లో ఆలస్యం చేసినట్టేనని రాశాడు.

మాట మంచిదే. కానీ మనలాంటివాళ్లు దాన్ని ఉన్నదున్నట్టు తీసుకోకూడదు. అదే సంస్థ 2014లో ఒక ఫోన్ తెచ్చి, అమ్ముడుపోక, 17 కోట్ల డాలర్ల నష్టం రాసుకుని ముందుకు సాగిపోయింది. వాళ్లకు అది రెండువైపుల తలుపే. అదే నిష్పత్తిలో దెబ్బ తగిలితే చిన్న యూనిట్ మూతపడుతుంది. కాబట్టి ఏది ఏ రకం తలుపు అన్నది నిర్ణయాన్ని చూసి కాదు, మీ చేతిలో ఉన్న నగదును చూసి తేల్చుకోవాలి. నేను వాడే గీటురాయి: ఇది పూర్తిగా బెడిసికొట్టినా వచ్చే 3 నెలల జీతాలు, వాయిదాలు కట్టగలనా? కట్టగలిగితే వెనక్కి తీసుకోగలిగినదే. కట్టలేకపోతే అది ఎంత చిన్నగా కనిపించినా పెద్దదే.

ఈ గీటురాయి మీద పెడితే కొత్త సప్లయర్‌తో చిన్న ఆర్డర్, ధరల పట్టికలో మార్పు, ఒక ప్రకటన ఖర్చు, కొత్త షిఫ్ట్ సమయాలు, ఒక కొత్త సైజు ప్రయత్నించడం లాంటివన్నీ ఒక పక్కకి వస్తాయి. భాగస్వామిని తీసుకోవడం, వాటా అమ్మడం, వ్యక్తిగత హామీ ఇవ్వడం, దీర్ఘకాలపు లీజు, ఒకే కస్టమర్ కోసం సామర్థ్యం రెట్టింపు చేయడం ఇంకో పక్కకి వస్తాయి. రెండో పక్కవి ఏడాదికి బహుశా వేళ్లమీద లెక్కపెట్టేన్ని ఉంటాయి. వాటికి వారాలు తీసుకోండి, లాయర్‌కి చూపించండి, రాత్రి నిద్రపోయి పొద్దున మళ్లీ చదవండి. ‘ఇవాళే సంతకం పెట్టకపోతే ఆఫర్ పోతుంది’ అని అవతలివాళ్లు తొందరపెడితే, నా లెక్కలో ఆ తొందరే వద్దనడానికి తగినంత కారణం.

మరి మొదటి పక్కవాటికి వేగం ఎక్కడినుంచి వస్తుంది? సమాచారం తగ్గించుకోవడం వల్ల వస్తుందని చాలామంది అనుకుంటారు. అది తప్పు. క్యాథలీన్ ఐసెన్‌హార్ట్ అనే స్టాన్‌ఫర్డ్ పరిశోధకురాలు 8 మైక్రోకంప్యూటర్ కంపెనీలను దగ్గరగా చూసి 1989లో ఒక అధ్యయనం ప్రచురించారు. త్వరగా నిర్ణయాలు తీసుకునే కంపెనీలు నెమ్మదిగా తీసుకునేవాటికంటే ఎక్కువ సమాచారం వాడుతున్నాయని అందులో తేలింది. ప్రత్యామ్నాయాలు కూడా ఎక్కువే చూస్తున్నాయి, కానీ ఒకదాని తర్వాత ఒకటి కాకుండా అన్నీ ఒకేసారి పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నాయి. వాళ్లు వాడేది ఎప్పటికప్పుడు వచ్చే సమాచారం. సమస్య వచ్చాక వెతకడం మొదలుపెట్టేది కాదు. ఆ ప్రింటింగ్ యజమాని నీలం ఫైలు గుర్తు చేసుకోండి. ఒక కొటేషన్ చచ్చిపోయాక ఇంకోటి తెప్పించడం, అంటే ఒకదాని తర్వాత ఒకటి.

కాబట్టి ప్రతి సోమవారం మీ ముందుకు ఒకే ఒక కాగితం రావాలి. బ్యాంకులో నగదు ఎంత, రావాల్సిన బాకీలు ఎంత, అందులో 60 రోజులు దాటినవి ఎన్ని, చేతిలో ఉన్న ఆర్డర్లు ఎన్ని రోజుల పనికి సరిపోతాయి, వేస్టేజ్ ఎంత, ఒక్కో ప్రధాన ఉత్పత్తి మీద ముడిసరుకూ నేరుగా అయ్యే ఖర్చులూ పోగా ఎంత మిగులుతోంది. ఇంకేం వద్దు. నెలాఖరుకు ఆడిటర్ ఇచ్చే లెక్క పన్నుకు పనికొస్తుంది గానీ ఫోన్లో కస్టమర్‌కి జవాబు చెప్పడానికి పనికిరాదు.

ఫోన్లో అన్నాను కదా, అదెలా ఉంటుందో చూడండి. పాత కస్టమర్ ఫోన్ చేసి 5 శాతం తగ్గించమంటాడు, అవతల ఎవరో తక్కువకు ఇస్తామన్నారట. లెక్క తెలియని యజమాని ‘ఆలోచించి చెబుతాను’ అంటాడు, రెండు రోజులు టెన్షన్ పడతాడు, చివరికి ఒప్పేసుకుంటాడు. లెక్క తెలిసినవాడికి అక్కడికక్కడే తెలుసు: నా మార్జిన్ 20 శాతం, 5 తగ్గిస్తే మిగిలేది 15, అంటే ఇప్పుడు మిగులుతున్నంతే మిగలాలంటే మూడోవంతు సరుకు ఎక్కువ అమ్మాలి. అందుకని, ‘మూడోవంతు ఆర్డర్ పెంచి, డబ్బు 15 రోజుల్లో ఇస్తానంటే సరే, లేకపోతే ఈ ధరకే’ అని వెంటనే చెప్పగలడు. రెండు నిమిషాల్లో తేలిపోయే మాట. అవతలివాడికి ఇది ధీమాగా వినిపిస్తుంది, కానీ దాని వెనకున్నది ఒక్క భాగహారం.

ఇలాంటిదే ఇంకోటి. బిల్లు గడువు 30 రోజులు, 10 రోజుల్లో కడితే 2 శాతం తగ్గింపు అని సప్లయర్లు ఇచ్చే ఆఫర్‌ని చాలామంది ‘చూద్దాం’ అని వదిలేస్తారు. 20 రోజుల ముందు కట్టినందుకు 2 శాతం అంటే ఏడాదికి లెక్కేస్తే సుమారు 37 శాతం వడ్డీతో సమానం. అంతకంటే తక్కువ వడ్డీకి ఓవర్‌డ్రాఫ్ట్ దొరికేవాడు ఆ తగ్గింపు తీసుకోకపోవడానికి కారణమే లేదు. ఇది ప్రతి బిల్లుకీ ఆలోచించాల్సిన విషయం కాదు. ఒకసారి లెక్కేసి, ఇకనుంచి ఇంతే అని అకౌంటెంట్‌కి చెప్పేస్తే ఆ నిర్ణయం మీ బల్లమీదికి మళ్లీ రాదు.

మాటిమాటికీ వచ్చే ప్రశ్నకు నిర్ణయం కాదు, నియమం కావాలి. పెద్ద కష్టకాలంలో కూడా ఇదే ఆదుకుంటుంది. 1982లో షికాగో ప్రాంతంలో టైలనాల్ అనే నొప్పి మందు క్యాప్సూళ్లలో ఎవరో సైనైడ్ కలపడంతో 7 మంది చనిపోయారు. తయారుచేసే జాన్సన్ అండ్ జాన్సన్ తప్పు అందులో లేదు. అయినా వారం తిరగకుండానే దేశవ్యాప్తంగా సుమారు 3 కోట్ల 10 లక్షల సీసాలను వెనక్కి తెప్పించింది. 10 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. అంత వేగం సాధ్యమవడానికి ఒక కారణం, మందు వాడేవాళ్ల పట్ల బాధ్యతే మొదటిది అని ఆ సంస్థ 1943లోనే రాసి పెట్టుకోవడం. మీకు అంత పెద్ద పత్రం అక్కర్లేదు. ఎంతకు మించి అప్పు సరుకు ఇవ్వం, లోపం ఉన్న సరుకు వెనక్కి వస్తే ఏం చేస్తాం, ఎంత మార్జిన్ కంటే కిందికి దిగం అని ఒక పేజీ చాలు.

ఇప్పుడు ‘మనసు చెప్పింది’ అన్న విషయం. అనుభవం ఉన్న యజమానులు దీన్ని గర్వంగా చెప్పుకుంటారు. గ్యారీ క్లైన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అగ్నిమాపక దళాల నాయకులను గమనించి, వాళ్లు మంటల ముందు నాలుగు మార్గాలు పక్కపక్కన పెట్టి పోల్చుకోరని కనుక్కున్నాడు. పరిస్థితిని చూడగానే పాత అనుభవంలోంచి ఒక మార్గం తడుతుంది, అది పని చేస్తుందా అని మనసులో ఒకసారి నడిపి చూసుకుని, దిగిపోతారు. ఇలాంటి సహజ జ్ఞానాన్ని బాగా అనుమానించే మరో మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానమన్, క్లైన్‌తో కలిసి 2009లో ఒక వ్యాసం రాశాడు. ఇద్దరూ ఒప్పుకున్నది ఏమిటంటే, రెండు షరతులు ఉంటేనే ఆ జ్ఞానాన్ని నమ్మవచ్చు. ఆ రంగంలో విషయాలు ఒక పద్ధతి ప్రకారం జరుగుతుండాలి. మన అంచనా తప్పో ఒప్పో తెలుసుకుని నేర్చుకునే అవకాశం తగినంత దొరికి ఉండాలి.

దీన్ని మన పనికి అన్వయించుకుంటే చాలా ఉపయోగం. మీ మిషన్ శబ్దం విని ఏదో తేడాగా ఉందని మీకు తోచిందా, నమ్మండి, ఆపేసి చూడండి. పాత కస్టమర్ గొంతులో తేడా వినిపించి ఈసారి చెల్లింపు ఆలస్యం అవుతుందనిపించిందా, నమ్మండి. కానీ ఇంటర్వ్యూలో మనిషిని చూడగానే ‘వీడు పనికొస్తాడు’ అనిపిస్తే మాత్రం నమ్మకండి. ఎందుకంటే మీరు వద్దన్నవాళ్లు ఎలా పనిచేసేవారో మీకు ఎప్పటికీ తెలియదు, తీసుకున్నవాళ్ల సంగతి తెలియడానికి ఏడాది పడుతుంది. ఆ విషయంలో మీకున్నది అనుభవం కాదు, అభిప్రాయం. మనుషుల్ని తీసుకునేటప్పుడు ఒకరోజు పని ఇచ్చి, దానికి డబ్బిచ్చి, చేయించి చూడటం ఉత్తమం. కొత్త మార్కెట్ విషయంలోనూ అంతే, కొద్ది సరుకు పంపి చూడాలి.

ఒక చేదు మాట. నా దగ్గరకు ‘సమాచారం చాలడం లేదు’ అని వచ్చే నిర్ణయాల్లో చాలా భాగం నిజానికి మొహమాటం. ఏం చేయాలో ఆయనకు తెలుసు. చెప్పలేకపోతున్నాడు. పాత సూపర్‌వైజర్‌ని మార్చాలి, స్నేహితుడైన సప్లయర్‌ని వదులుకోవాలి, డబ్బు ఎగ్గొడుతున్న కస్టమర్‌కి సరుకు ఆపాలి. ఇలాంటప్పుడు ఇంకో కొటేషన్, ఇంకో రిపోర్ట్, ఇంకో సలహాదారు అంటూ తిరుగుతారు. ఆ ఇంకో సలహాదారు హోదాలో నేను చాలా ఫీజులు తీసుకున్నాను, కాబట్టి నాకు తెలుసు.

దీనికి మంచి మందు ఇంటెల్ వాళ్ల కథలో ఉంది. 1985లో జపాన్ కంపెనీల పోటీ తట్టుకోలేక వాళ్ల మెమరీ చిప్‌ల వ్యాపారం నష్టాల్లో కూరుకుపోయింది. ఆ సంస్థ పుట్టిందే మెమరీ చిప్‌లతో, అందుకే వదులుకోలేక ఏడాదిగా కొట్టుమిట్టాడుతున్నారు. అప్పుడు ఆండీ గ్రోవ్ తన బాస్ గోర్డన్ మూర్‌ని ఒక ప్రశ్న అడిగాడు: మనల్ని తీసేసి కొత్త సీఈఓని తెస్తే అతను ఏం చేస్తాడు? మెమరీ నుంచి బయటపడతాడు అన్నాడు మూర్. మరి ఆ పని మనమే ఎందుకు చేయకూడదు అనుకుని, మైక్రోప్రాసెసర్ల మీదే దృష్టి పెట్టారు. మీ యూనిట్‌ని రేపు ఎవరైనా కొనుక్కుంటే మొదటి వారంలో ఏం చేస్తారో కాగితం మీద రాయండి. మొహమాటంతో ఆగినవి అన్నీ ఆ కాగితం మీదికి వచ్చేస్తాయి.

తప్పయితే ఎలా అంటారు. తప్పవుతుంది, కొన్నిసార్లు. ఎంత పరిశోధించినా అవుతుంది. కోకాకోలా 1985 ఏప్రిల్ 23న పాత రుచి తీసేసి కొత్త రుచి తెచ్చింది. అంతకుముందు సుమారు 2 లక్షల మందితో రుచి చూపించి మరీ పరీక్షించారు. అయినా జనం తిరగబడ్డారు. పాత రుచి జనానికి ఎంత సొంతమో ఆ పరీక్షలకు అందలేదు. అక్కడ వాళ్లను కాపాడింది ఆ 2 లక్షల పరీక్షలు కాదు, 79 రోజుల్లో పాత రుచిని తిరిగి తెస్తున్నామని ప్రకటించడం. అంత డబ్బు, అంత పరువు పెట్టాక మూడు నెలలు తిరగకుండా మాట మార్చుకోవడం తేలిక కాదు. ఆత్మవిశ్వాసం అంటే నా దృష్టిలో అది కూడా. పట్టుకున్నదాన్ని వదలకపోవడాన్ని ఆత్మవిశ్వాసం అని పొరబడే యజమానులు కోకొల్లలు.

వెనక్కి తీసుకోవడం సులువు కావాలంటే నిర్ణయం ప్రకటించేటప్పుడే దాని పునాది చెప్పేయాలి. ‘ఈ నెల నుంచి రెండో షిఫ్ట్ పెడుతున్నాం. కారణం, చేతిలో 40 రోజుల ఆర్డర్లు పేరుకున్నాయి. పేరుకున్న పని 15 రోజులకు తగ్గగానే ఆపేస్తాం. 1వ తేదీన మళ్లీ చూస్తాం.’ ఇలా చెబితే రేపు ఆపినప్పుడు ‘సార్ మాట మార్చారు’ అని ఎవరూ అనరు. పనివాళ్లకు కావాల్సింది మీరు ఎప్పుడూ రైటవడం కాదు. ఏది తేలింది, ఏది తేలలేదు అన్న స్పష్టత. యజమాని ఎటూ తేల్చని చోట ఏం జరుగుతుందో చూశారా? స్టోర్స్‌లో మనిషి ఎందుకైనా మంచిదని ఎక్కువ సరుకు తెప్పిస్తాడు, సేల్స్ మనిషి కస్టమర్‌కి తోచిన తేదీ చెబుతాడు. నిర్ణయాలు ఆగవు, మీకు తెలియకుండా జరిగిపోతాయి.

ఒక నోటుబుక్ కూడా పెట్టుకోండి. కాస్త ముఖ్యమైన ప్రతి నిర్ణయానికీ తేదీ, అప్పటికి తెలిసింది ఏమిటి, ఏం జరుగుతుందని అనుకుంటున్నారు, ఎప్పుడు తిరిగి చూస్తారు అని రాయండి. ఫలితం బాగుంటే నిర్ణయం మంచిదని, చెడితే నిర్ణయం చెడ్డదని అనుకుంటాం, అది నిజం కాదు. అదృష్టం కలిసొచ్చిన చెత్త నిర్ణయాలు చాలా ఉంటాయి. రాసి పెట్టుకోకపోతే అవి మనకు తప్పుడు పాఠాలు నేర్పుతాయి.

ఇక మీ మూడు సమస్యలు.

కొటేషన్ల ఆలస్యం: ఇది మీరు తీసుకోవాల్సిన నిర్ణయమే కాదు. ముడిసరుకు ధరలు వారానికోసారి నింపే ధరల షీటు తయారుచేయండి. ఒక పరిమితి లోపల ఉన్న ఆర్డర్లకు, మీరు చెప్పిన మార్జిన్ తగ్గకుండా, సేల్స్ మనిషే అదే రోజు కొటేషన్ పంపేయాలి. పరిమితి దాటినవే మీ దగ్గరకు రావాలి. రిట్జ్ కార్ల్‌టన్ హోటళ్లలో అతిథి సమస్య తీర్చడానికి ఒక్కో ఉద్యోగికీ 2,000 డాలర్ల వరకు ఖర్చు చేసే అధికారం ఉంటుంది, మేనేజర్‌ని అడగక్కర్లేదు. అంకె ఎంతన్నది మీ ఇష్టం, కానీ అంకె ఉండాలి. ‘చిన్నవైతే నువ్వే చూసుకో’ అని మాత్రం చెప్పకండి. చిన్న అంటే ఎంతో తెలియక అన్నీ మీ దగ్గరికే వస్తాయి.

మిషన్: పైన చెప్పిన గీటురాయి ముందు. వాయిదా కడుతూ, అమ్మకాలు కాస్త పడిపోయినా 3 నెలలు నిలబడగలరా? నిలబడలేకపోతే కొత్త మిషన్ ఊసు పక్కనపెట్టి, పాతదానికి అసలు ఏ భాగాలు మారిస్తే చాలో సర్వీస్ ఇంజనీర్‌తో రాయించండి. నిలబడగలిగితే మూడు కొటేషన్లు ఒకే వారంలో తెప్పించి, పక్కపక్కన పెట్టి, అవి చెల్లే గడువు లోపల తేల్చండి. చివరి రోజున గ్యారీ క్లైన్ 2007లో రాసిన పద్ధతి ఒకటి ప్రయత్నించండి. ఇద్దరూ, ఆపరేటర్‌ని కూడా కూర్చోబెట్టుకుని, ‘ఏడాది తర్వాత ఈ మిషన్ కొనడం పెద్ద పొరపాటని తేలింది, ఎందుకు?’ అని ఎవరికి వారు విడివిడిగా కారణాలు రాయండి. స్పేర్ పార్టులు దొరకవు, కరెంటు లోడ్ చాలదు, నడిపే మనిషి లేడు లాంటివి అక్కడ బయటపడతాయి. అరగంట పని. ఆపరేటర్ రాసిన కాగితం మిగతావాటికంటే ముందు చదవండి.

మీ తమ్ముడు: ఇద్దరికీ కుదిరేదాకా ఆగడం మీ ఆలస్యానికి అసలు కారణమని నా అనుమానం. ఐసెన్‌హార్ట్ చూసిన వేగవంతమైన కంపెనీలు దీనికి ఒక దారి కనిపెట్టాయి. అందరూ మాట్లాడతారు, ఏకాభిప్రాయం వస్తే సరే. రాకపోతే పై అధికారి, ఆ శాఖ ఎవరిదో వాళ్లు కలిసి, మిగతావాళ్ల మాటలు దృష్టిలో పెట్టుకుని తేల్చేస్తారు. మీ ఇద్దరి మధ్య అధికారి లేరు కాబట్టి శాఖలే గట్టిగా పంచుకోవాలి. అమ్మకాలు, ధరలు, బాకీలు ఒకరివి. మిషన్లు, మనుషులు, కొనుగోళ్లు ఇంకొకరివి. రెండోవాళ్లు అభ్యంతరం చెప్పవచ్చు, రాసి ఇవ్వవచ్చు, కానీ 48 గంటల తర్వాత ఎవరి శాఖ అయితే వాళ్ల మాటే చెల్లుతుంది. చెల్లాక ఇద్దరూ అదే మాట మీద నిలబడాలి, పనివాళ్ల ముందు ‘నేను ముందే వద్దన్నాను’ అనకూడదు. వెనక్కి తీసుకోలేని ఆ కొద్దింటికి మాత్రం ఇద్దరి సంతకాలూ ఉండాల్సిందే. ఈ పంపకాన్ని ఒక పేజీలో రాసుకుని, బ్యాంకు సంతకాల అధికారాలు కూడా దానికి తగ్గట్టు మార్పించుకోండి. లేకపోతే కాగితం మీద శాఖలు ఉంటాయి, చెక్కు మాత్రం రెండో సంతకం కోసం డ్రాయర్‌లో ఆగిపోతుంది.